చెత్త అని పక్కన పెట్టిన చోటే జవాబు: సోరియాసిస్, ఆర్ఎన్ఏల కథ

ఈరోజు ఎపిసోడ్ చర్మం గురించి. అయితే ఇది బ్యూటీ టిప్స్ వీడియో కాదండోయ్, ఎప్పటిలాగే హిస్టరీ ఎపిసోడే. ఒక చర్మవ్యాధికి కారణం ఏంటా అని డాక్టర్లు, శాస్త్రవేత్తలు దాదాపు రెండు వందల ఏళ్లుగా వెతుకుతున్నారు. ఒక్కో తరం ఒక్కో చోట వెతికింది. చివరికి జవాబులో ఒక ముఖ్యమైన ముక్క ఎక్కడ దొరికిందో తెలుసా? మన డీఎన్ఏలో ఏ భాగానికైతే "చెత్త" అని పేరు పెట్టి పక్కన పెట్టారో, సరిగ్గా అక్కడ. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అంటాం కదా, అలాంటి కథ ఇది.

ఆ జబ్బు పేరు సోరియాసిస్. ఆ "చెత్త" నుంచి వచ్చిన వాటి పేరు నాన్‌కోడింగ్ ఆర్ఎన్ఏలు. పేరు చూసి స్క్రోల్ చేసేయకండి. ఇంటర్‌లో బైపీసీ చదవకపోయినా అర్థమయ్యేలా చెప్తాను.

ముందు జబ్బు సంగతి చూద్దాం. మన చర్మం పై పొరలో కణాలు అడుగున పుడతాయి, మెల్లగా పైకి వస్తాయి, చివరికి రాలిపోతాయి. దీనికి మామూలుగా నెల రోజుల దాకా పడుతుంది. సోరియాసిస్ వచ్చిన చోట అదే ప్రయాణం కొన్ని రోజుల్లోనే అయిపోతుంది. పాతవి రాలకముందే కొత్తవి వచ్చి పడతాయి. అందుకే అక్కడ చర్మం మందంగా, ఎర్రగా అయి, పైన తెల్లటి పొలుసులు కడుతుంది. మోచేతులు, మోకాళ్లు, తల, నడుము, ఎక్కువగా ఈ చోట్ల కనిపిస్తుంది. కొందరికి కీళ్లు కూడా నొప్పి చేస్తాయి. తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. ఒక్క మాట గట్టిగా చెప్పాలి: ఇది అంటువ్యాధి కాదు. ముట్టుకుంటే రాదు, పక్కన కూర్చుంటే రాదు, ఒకే దువ్వెన వాడినా రాదు.

ఈ మాట ఎందుకంత గట్టిగా చెప్తున్నానంటే, మా మేనమామకి ఇరవై ఏళ్లుగా సోరియాసిస్ ఉంది. ఒక సెలూన్‌లో ఆయనకి కటింగ్ చేయనన్నారు. పెళ్లిళ్లకి వెళ్తే ఎండాకాలంలో కూడా ఫుల్ హ్యాండ్స్ చొక్కానే. వంకాయ మానేయమని ఒకరు, రక్తం చెడిపోయిందని ఇంకొకరు, శుభ్రంగా స్నానం చేస్తే పోతుందని మరొకరు. చెప్పేవాళ్లందరి మాటల్లో ఉండే అర్థం మాత్రం ఒక్కటే: తప్పు నీదే. జబ్బు కన్నా ఆ మాటే ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది. కాబట్టి ఈ సైన్స్ చరిత్ర నాకు ఉత్త జనరల్ నాలెడ్జ్ కాదు. "తప్పు ఎవరిది" అనే ప్రశ్నకి జవాబు కూడా ఇందులోనే ఉంది.

ఇప్పుడు అసలు కథలోకి వెళ్దాం.

పాతకాలంలో యూరప్‌లో సోరియాసిస్‌కీ కుష్టువ్యాధికీ తేడా సరిగ్గా తెలిసేది కాదు. పొలుసులు కట్టే చర్మవ్యాధులు చాలావాటిని "లెప్రా" అనే ఒకే పేరు కింద కలిపేశారు. 19వ శతాబ్దం మొదట్లో లండన్‌లో రాబర్ట్ విల్లన్ అనే డాక్టర్ చర్మవ్యాధులను ఒక పద్ధతిగా విడదీసి, సోరియాసిస్ లక్షణాలను చక్కగా వర్ణించాడు. కానీ ఆయన కూడా ఒక రకానికి "లెప్రా" అనే పేరునే ఉంచేశాడు. దాంతో గందరగోళం అలాగే ఉండిపోయింది. చివరికి 1841లో వియన్నాలో ఫెర్డినాండ్ ఫాన్ హెబ్రా అనే డాక్టర్ "ఇది వేరు, కుష్టు వేరు" అని స్పష్టంగా తేల్చాడు. ఒక్కసారి ఆలోచించండి. 1841లో తేలిన విషయం మన ఊళ్లలో కొన్ని సెలూన్ల దాకా ఇంకా చేరలేదు!

సరే, కుష్టు కాదు. మరి ఏంటి? చాలా కాలం పాటు డాక్టర్లు దీన్ని కేవలం చర్మ కణాల గొడవగానే చూశారు. కణాలు అదుపు లేకుండా పెరుగుతున్నాయి, ఆ పెరుగుదలని ఆపితే చాలు అనుకున్నారు. 1979లో ఒక ఆశ్చర్యం జరిగింది. సైక్లోస్పోరిన్ అనే మందు అప్పట్లో అవయవ మార్పిడి కోసం పరీక్షల్లో ఉంది. శరీరం కొత్త అవయవాన్ని తిరగ్గొట్టకుండా రోగనిరోధక శక్తిని తగ్గించడం దాని పని. దాన్ని కీళ్ల వాపు ఉన్న కొందరు రోగులకి ఇచ్చి చూస్తే, వాళ్లలో సోరియాసిస్ ఉన్నవాళ్ల మచ్చలు తగ్గిపోయాయి. అంటే గొడవ చర్మంలో ఒక్కచోటే లేదు, మనల్ని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థలో కూడా ఉందన్నమాట. ఈ దారిలో వెళ్లే, తర్వాతి దశాబ్దాల్లో ఒక్కో వాపు ప్రొటీన్‌ని గురిపెట్టి అడ్డుకునే ఇంజెక్షన్లు వచ్చాయి. చాలామందికి బాగా పనిచేస్తున్నాయి కూడా. కానీ మందు ఆపేస్తే చాలామందిలో మళ్లీ వస్తుంది. ఎందుకు?

ఇంకో విషయం. సోరియాసిస్ కొన్ని కుటుంబాల్లో ఎక్కువగా కనిపిస్తుంది. అంటే జన్యువుల్లో ఏదో ఉంది. అందుకని 2001లో మనిషి జన్యు పటం మొదటి ముసాయిదా వచ్చినప్పుడు ఎన్నో ఆశలు పెట్టుకున్నారు. తీరా చూస్తే షాక్. ప్రొటీన్లు తయారుచేసే జన్యువులు మనిషికి సుమారు 20,000 మాత్రమే అని క్రమంగా తేలింది. ఒక మిల్లీమీటరు పొడవుండే ఒక పురుగుకి కూడా దాదాపు అన్నే ఉన్నాయి! మన డీఎన్ఏ మొత్తంలో ప్రొటీన్ తయారీకి నేరుగా పనికొచ్చే భాగం 2 శాతం కూడా లేదు. మిగతా 98 శాతం పైచిలుకు ఏం చేస్తోంది? చాలామంది దగ్గర దానికి ఒక పేరు ముందే సిద్ధంగా ఉంది: "జంక్ డీఎన్ఏ". 1972లో సుసుము ఓనో అనే శాస్త్రవేత్త వాడాక బాగా ప్రచారంలోకి వచ్చిన మాట అది. జంక్ అంటే చెత్త.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి బేసిక్స్ చూద్దాం. డీఎన్ఏ అనేది పెద్ద లైబ్రరీ లాంటిది, కణం లోపల ఉంటుంది, బయటికి రాదు. అందులోంచి ఒక పేజీ కాపీ తీసి పంపిస్తారు. ఆ కాపీ పేరు మెసెంజర్ ఆర్ఎన్ఏ. దాన్ని చదివి కణం ప్రొటీన్ తయారుచేస్తుంది. ప్రొటీనే పనంతా చేసే కూలీ. డీఎన్ఏ, ఆర్ఎన్ఏ, ప్రొటీన్: చాలా ఏళ్లు మన పాఠం ఇంతే. ఆర్ఎన్ఏ అంటే ఉత్తరం మోసే పోస్ట్‌మ్యాన్. పోస్ట్‌మ్యాన్‌కి సొంత అభిప్రాయం ఏముంటుంది అనుకున్నారు. రైబోజోముల్లో ఉండేవి, అమినో ఆమ్లాలు మోసేవి లాంటి కొన్ని ఆర్ఎన్ఏలకి వేరే పనులున్నాయని తెలుసు. కానీ అవి కూడా ప్రొటీన్ తయారీలో సహాయకులే కదా.

ఈ నమ్మకానికి మొదటి దెబ్బ ఒక పురుగు నుంచే తగిలింది. ఇందాక చెప్పాను చూడండి, మిల్లీమీటరు పురుగు అని, అదే. దాని పేరు సీ ఎలిగాన్స్. అమెరికాలో విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్ అనే ఇద్దరు, వేర్వేరు ల్యాబుల్లో, ఈ పురుగు ఎదుగుదలని నియంత్రించే రెండు జన్యువుల మీద పని చేస్తున్నారు. ఒకటి లిన్-4, రెండోది లిన్-14. మొదటిది రెండోదాన్ని అణచిపెడుతుందని తెలుసు, ఎలాగో తెలీదు. ఆంబ్రోస్ ల్యాబ్‌లో రోసలిండ్ లీ, రోండా ఫైన్‌బామ్ లిన్-4ని పట్టుకుని చూస్తే, అది ప్రొటీన్ తయారుచేయడమే లేదు. కేవలం 22 అక్షరాల పొట్టి ఆర్ఎన్ఏ ముక్కని తయారుచేస్తోంది. రెండు ల్యాబులూ తమ దగ్గరున్న అక్షరాల వరుసలను పోల్చి చూసుకుంటే, ఆ పొట్టి ముక్క లిన్-14 మెసెంజర్ ఆర్ఎన్ఏ చివరి భాగానికి అతుక్కునేలా ఉంది. 1993లో రెండు పేపర్లూ పక్కపక్కనే అచ్చయ్యాయి.

మన భాషలో చెప్పాలంటే, మెసెంజర్ ఆర్ఎన్ఏ అంటే వాట్సాప్ గ్రూప్‌లో పడిన మెసేజ్. ఈ పొట్టి ఆర్ఎన్ఏ గ్రూప్ అడ్మిన్ లాంటిది. మెసేజ్ వచ్చింది, కానీ ఎవరూ చదవకముందే అడ్మిన్ డిలీట్ ఫర్ ఎవ్రీవన్ కొట్టేశాడు. ఇక ప్రొటీన్ తయారవదు. జన్యువు బాగానే ఉంది, మెసేజ్ బాగానే ఉంది, కానీ పని జరగలేదు. ఎందుకో అర్థం కావాలంటే మెసేజ్‌లు చూస్తే చాలదు, అడ్మిన్ ఎవరో తెలియాలి.

ఇంత పెద్ద విషయానికి ప్రపంచం ఎలా స్పందించింది? పెద్దగా పట్టించుకోలేదు. "పురుగులో ఏదో వింత, మనకేం సంబంధం" అన్నట్టు ఉండిపోయింది. ఏడేళ్లు అలాగే గడిచాయి. 2000లో రవ్‌కున్ బృందం లెట్-7 అనే ఇంకో పొట్టి ఆర్ఎన్ఏని కనిపెట్టింది. అది పురుగులోనే కాదు, ఈగలో ఉంది, చేపలో ఉంది, మనిషిలోనూ ఉంది. అప్పుడు అందరూ లేచి కూర్చున్నారు. 2001లో వీటికి మైక్రోఆర్ఎన్ఏ అనే పేరు స్థిరపడింది. మనిషిలో ఇలాంటివి వందల సంఖ్యలో బయటపడ్డాయి. ఆంబ్రోస్, రవ్‌కున్‌లకి 2024లో వైద్య నోబెల్ వచ్చింది. అంటే పేపర్ వచ్చాక 31 ఏళ్లకి!

సరే, పురుగు నుంచి మళ్లీ మన చర్మానికి వద్దాం. ఇప్పుడు సీన్ హంగరీ దేశంలోని సెగెడ్ అనే ఊరికి మారుతుంది. కోవిడ్ వ్యాక్సిన్‌కి దారితీసిన పరిశోధనకి 2023లో నోబెల్ అందుకున్న కాటలిన్ కారికో చదువుకున్నది కూడా ఈ సెగెడ్‌లోనే. అక్కడి యూనివర్సిటీ చర్మవ్యాధుల విభాగంలో ఎనికో షొంకోయ్, ఆమె తోటి పరిశోధకులు సోరియాసిస్ రోగుల చర్మంలో ఏ ఆర్ఎన్ఏలు మామూలు కన్నా తేడాగా ఉన్నాయో వెతికారు. 2005లో ఒక కొత్త ఆర్ఎన్ఏని ప్రకటించారు. దాని నుంచి ప్రొటీన్ ఏదీ తయారవదు. ఇది మైక్రో కూడా కాదు, పొడవైన రకం. దానికి పెట్టిన పేరు ప్రిన్స్. మహేష్ బాబు కాదండీ, ఇది వేరే ప్రిన్స్.

ఈ ప్రిన్స్ ఎక్కడ ఎక్కువగా దొరికిందో వింటే ఆశ్చర్యపోతారు. పొలుసులు కట్టిన మచ్చలో కాదు. ఆరోగ్యవంతుల చర్మంలోనూ కాదు. సోరియాసిస్ ఉన్న మనిషి ఒంటి మీద, ఏ మచ్చా లేకుండా మామూలుగా కనిపించే చర్మంలో! అంటే మచ్చ రాకముందే ఆ చర్మంలో ఏదో తయారీ జరుగుతోందని అది సూచించింది. ఒంటి మీద ఒక్క మచ్చ కూడా కనపడని రోజున కూడా ఆ మనిషి చర్మం అందరి చర్మం లాంటిది కాదు. ఇంకో తమాషా ఏంటంటే, ఈ ప్రిన్స్‌లో ఆలూ అనే ముక్కలున్నాయి. బంగాళాదుంప కాదు, మన డీఎన్ఏలో పది లక్షల సార్లకి పైగా రిపీట్ అయ్యే ఒక వరుస పేరు అది. చెత్తల్లోకెల్లా చెత్త అని చాలామంది కొట్టిపారేసిన సరుకు.

రెండేళ్ల తర్వాత, 2007లో, అదే ఎనికో షొంకోయ్ స్వీడన్‌లోని కరోలిన్స్కా ఇన్‌స్టిట్యూట్‌లో, మోనా స్టోలె బృందంతో కలిసి ఇంకో పేపర్ ప్రచురించారు. వైద్య నోబెల్ ఎవరికి ఇవ్వాలో తేల్చే సభ ఉన్నది ఆ సంస్థలోనే. ఈసారి వెతికింది మైక్రోఆర్ఎన్ఏల కోసం. సోరియాసిస్ చర్మం, ఎగ్జిమా చర్మం, ఆరోగ్యమైన చర్మం, మూడూ పక్కపక్కన పెట్టి పోల్చారు. పైకి చూస్తే సోరియాసిస్, ఎగ్జిమా రెండూ ఎర్రగా, దురదగా ఉండే జబ్బులే. కానీ లోపల మైక్రోఆర్ఎన్ఏల లెక్క వేరువేరుగా ఉంది. వాటిలో మైక్రోఆర్ఎన్ఏ-203 అనేది ప్రత్యేకంగా చర్మ కణాలకి చెందినది, సోరియాసిస్‌లో బాగా పెరిగింది.

అది పెరిగితే ఏమవుతుంది? మన కణాల్లో వాపు సంకేతాలకి బ్రేక్ వేసే ఒక ప్రొటీన్ ఉంది, సాక్స్-3 అని. మైక్రోఆర్ఎన్ఏ-203 ఎక్కువైన చోట సాక్స్-3 తక్కువగా కనిపించింది. అంటే అడ్మిన్ డిలీట్ చేస్తున్నది ఏ మెసేజ్‌ని? "ఇక చాలు, గొడవ ఆపండి" అనే మెసేజ్‌ని. ఆ మెసేజ్ పోతే గ్రూప్‌లో గొడవ ఎందుకు ఆగుతుంది చెప్పండి? బ్రేక్ జన్యువు చెడిపోలేదు. అందుకే జన్యువుని మాత్రమే చూసేవాళ్లకి ఈ విషయం కనిపించదు.

అలాగని మైక్రోఆర్ఎన్ఏలన్నీ విలన్లు కాదు. మైక్రోఆర్ఎన్ఏ-146ఏ అనేది వాపుని తగ్గించే వైపు పనిచేస్తుంది. 2017లో కరోలిన్స్కా బృందమే ఎలుకల్లో చూపించింది. ఈ 146ఏ లేని ఎలుకల్లో సోరియాసిస్ లాంటి వాపు తొందరగా మొదలైంది, తీవ్రంగా కూడా వచ్చింది. అంటే మంట ఎక్కువైనప్పుడు చల్లార్చడానికి మన ఒంట్లోనే ఒక ఏర్పాటు ఉందన్నమాట. ఇక ఎగ్జిమా సంగతికి వస్తే, 2010లో మైక్రోఆర్ఎన్ఏ-155 అక్కడ పెరిగి ఉందని తేలింది. అది టీ కణాల మీద ఉండే ఒక బ్రేక్‌ని తగ్గిస్తుంది. జబ్బు వేరు, అడ్మిన్ వేరు, పద్ధతి మాత్రం ఒకేలా ఉంది.

మరి ఆ అడ్మిన్‌నే మ్యూట్ చేస్తే? 2014లో స్పెయిన్‌లోని మాడ్రిడ్ కేంద్రంగా పనిచేసిన బృందం అదే చేసింది. సోరియాసిస్‌లో పెరిగే ఇంకో మైక్రోఆర్ఎన్ఏ ఉంది, నంబర్ 21. రోగుల చర్మాన్ని ఎలుకలకి అతికించి, ఈ 21కి అతుక్కుని దాన్ని పని చేయనివ్వని ఒక మందు ముక్కని ఇచ్చారు. ఆ చర్మంలో జబ్బు లక్షణాలు తగ్గాయి. చర్మం మనిషిదే, కానీ ఉన్నది ఎలుక ఒంటి మీద. ఈ తేడా గుర్తుపెట్టుకోండి.

ఎందుకంటే ఇక్కడే యూట్యూబ్‌లో కొందరు "సోరియాసిస్‌కి శాశ్వత పరిష్కారం దొరికింది" అని థంబ్‌నెయిల్ పెట్టేస్తారు. నేను పెట్టను. మైక్రోఆర్ఎన్ఏ మీద పనిచేసే సోరియాసిస్ మందు ఏదీ ఈరోజుకి మన మెడికల్ షాపులో లేదు. అదంత తేలిక కాదు కూడా. ఒక్కో మైక్రోఆర్ఎన్ఏ ఒకేసారి చాలా మెసేజ్‌ల మీద చెయ్యి వేస్తుంది. ఒకదాన్ని ఆపబోతే ఇంకో పది కదులుతాయి. క్యాన్సర్ కోసం ఒక మైక్రోఆర్ఎన్ఏ మందుని మనుషుల మీద పరీక్షిస్తుంటే, తీవ్రమైన రోగనిరోధక సమస్యలు వచ్చి 2016లో ఆ ట్రయల్ ఆపేయాల్సి వచ్చింది.

"చెత్త అంతా బంగారమే" అనడం కూడా తప్పే. 2012లో ఎన్‌కోడ్ అనే పెద్ద ప్రాజెక్ట్ మన డీఎన్ఏలో 80 శాతానికి ఏదో ఒక జీవరసాయన కదలిక ఉందని చెప్పింది. దాని మీద పెద్ద గొడవే అయింది. కదలిక ఉన్నంత మాత్రాన పని ఉన్నట్టు కాదు అని చాలామంది శాస్త్రవేత్తలు వాదించారు, ఆ వాదనలో బలం ఉంది. ఇళ్లలో అటక మీద సామాను చూడండి. అందులో నిజంగా పారేయాల్సింది బోలెడు ఉంటుంది. కానీ తెరిచి చూడకుండా "మొత్తం చెత్తే" అన్నామంటే, తాతగారి ఇంటి దస్తావేజులు కూడా పోతాయి. ఇక్కడ జరిగింది అదే. సోరియాసిస్‌తో ముడిపడ్డ డీఎన్ఏ తేడాల్లో ఎక్కువ భాగం ప్రొటీన్ తయారుచేయని చోట్లలోనే ఉన్నాయని తర్వాతి జన్యు అధ్యయనాల్లో కూడా తేలింది.

ఇప్పుడు మా మేనమామ ప్రశ్న. తప్పు ఎవరిది? ఈ చరిత్ర అంతా కలిపి చూస్తే నాకు అర్థమైంది ఇది. సోరియాసిస్ మురికి వల్ల రాదు. పాపం వల్ల రాదు. వంకాయ తిన్నందుకు రాదు. పుట్టుకతో వచ్చిన కొన్ని తేడాలు, దారి తప్పిన రోగనిరోధక శక్తి, వాటి మధ్య మెసేజ్‌లు తుడిచేస్తూ, ఆపేస్తూ ఉండే ఈ చిన్న ఆర్ఎన్ఏలు, ఇవన్నీ కలిసి నడిపే వ్యవహారం ఇది. ఒత్తిడి, పొగతాగడం, ఇన్ఫెక్షన్లు, చర్మానికి దెబ్బ తగలడం లాంటివి దీన్ని రేపుతాయి, నిజమే. కానీ నిప్పు రేగడం వేరు, పొయ్యి కట్టడం వేరు. మచ్చ లేని చర్మంలో కూడా కథ నడుస్తోందని ప్రిన్స్ చూపించింది కదా, మరి రోజుకి రెండుసార్లు స్నానం చేయమని సలహా ఇచ్చి ఏం లాభం? ప్రపంచ ఆరోగ్య సభ కూడా 2014లో సోరియాసిస్‌ని అంటువ్యాధి కాని, దీర్ఘకాలిక జబ్బుగా గుర్తిస్తూ, దీని మీద ఉన్న చిన్నచూపు పోవాలని తీర్మానం చేసింది.

మీకో, మీ ఇంట్లో వాళ్లకో ఇలాంటి మచ్చలుంటే, షాపులో అడిగి ఏదో ఆయింట్‌మెంట్ తెచ్చుకుని రాయకండి. వాటిల్లో చాలావరకు బలమైన స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. రాసినన్నాళ్లు తగ్గినట్టు ఉంటుంది, ఇష్టం వచ్చినట్టు వాడితే చర్మం పలచబడుతుంది. స్టెరాయిడ్ మాత్రలు మింగి ఒక్కసారిగా ఆపేస్తే సోరియాసిస్ ఇంకా తీవ్రంగా తిరగబెట్టవచ్చు. చర్మవ్యాధుల డాక్టర్ దగ్గరికి వెళ్లండి. కీళ్లు నొప్పిగా ఉంటే ఆ సంగతి కూడా తప్పకుండా చెప్పండి. పూర్తిగా పోగొట్టే మందు లేకపోయినా, అదుపులో పెట్టే మందులు ఇప్పుడు చాలానే ఉన్నాయి.

ఈ ఎపిసోడ్ రికార్డ్ చేసే ముందు ఇదంతా మా మేనమామకి ఫోన్‌లో చెప్పాను. మైక్రోఆర్ఎన్ఏ అన్నది ఆయనకి ఎంతవరకు ఎక్కిందో గానీ, మొత్తం విని, "అయితే నేను చేసిందేం లేదన్నమాట" అన్నారు. లేదు మామయ్యా, నువ్వు చేసిందేం లేదు.

ఈ వీడియో లింక్ ఎవరికైనా పంపాలనిపిస్తే, జబ్బున్న వాళ్లకన్నా ముందు వాళ్లకి సలహాలిచ్చే వాళ్లకి పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో ఇంకో కథతో కలుద్దాం. అప్పటిదాకా సెలవు.